చిన్న వెబ్‌క్యామ్ ప్రోగ్రామ్, పెద్ద పెద్ద అనుమానాలు

ఖాళీ సమయంలో సొంతంగా ఒక చిన్న వెబ్‌క్యామ్ ప్రోగ్రామ్ రాసుకుని దాని సోర్స్ కోడ్ అందరికీ ఇచ్చేయడం గురించి పోయిన సంచికలో అర పేజీ రాశాం. దానికి ఉత్తరాలు బాగానే వచ్చాయి. సగం మంది అడిగింది ఒకటే, ఏ భాషలో రాయాలి అని. మీకు ఏది వస్తే అందులో రాయండి, ఇక ఆ సంగతి వదిలేద్దాం. మిగతావాటిలో అందరికీ పనికొచ్చేవి ఏరి ఇక్కడ ఇస్తున్నాం. రాసినవాళ్లలో ఎక్కువమంది లినక్స్ వాడేవాళ్లే కాబట్టి జవాబులు కూడా అటే మొగ్గుతాయి, విండోస్ వాళ్లు ఏమీ అనుకోకండి, మీకు చివర్లో ఒకటుంది.

ప్రశ్న: బీటెక్ మూడో ఏడు చదువుతున్నాను సార్. పైథాన్ భాషలో, ఓపెన్‌సీవీ అనే బొమ్మల లైబ్రరీ పెట్టి పది లైన్లలో కెమెరా తెరిచేశాను, ఫొటో కూడా సేవ్ అవుతోంది. మా సీనియర్ చూసి "చీజ్, ఓబీఎస్ లాంటి కెమెరా ప్రోగ్రాములు ఉన్నాయి, నువ్వు ఇంకోటి రాసి ఎవర్ని ఉద్ధరిస్తావ్‌రా" అన్నాడు. నిజంగానే అవసరం లేదా?
(విద్యార్థి, విజయనగరం)

జవాబు: ముందు మిమ్మల్ని మీరు ఉద్ధరించుకోండి, అది చాలు. అసలు వెబ్‌క్యామ్ పుట్టిందే అలాంటి సొంత అవసరం కోసం. 1991లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబ్‌లో ట్రోజన్ రూమ్ అనే గది బయట అందరికీ కలిపి ఒకే కాఫీ యంత్రం ఉండేది. వేరే అంతస్తుల్లో పనిచేసేవాళ్లు మెట్లెక్కి వచ్చేసరికి పాత్ర ఖాళీ. విసిగిపోయి దానికి ఎదురుగా ఒక కెమెరా బిగించి, క్వెంటిన్ స్టాఫర్డ్-ఫ్రేజర్, పాల్ జార్డెట్‌స్కీ అనే ఇద్దరు చిన్న ప్రోగ్రామ్ రాశారు. ఒకరు బొమ్మ పంపే భాగం రాస్తే, ఇంకొకరు దాన్ని తెర మీద చూపించే భాగం రాశారు. బొమ్మ 128 చుక్కల (పిక్సెళ్ల) వెడల్పు, 128 చుక్కల ఎత్తు, అదీ నలుపు తెలుపు, నిమిషానికి మూడుసార్లు మారేది. కాఫీ పాత్ర నిండడానికి అంతకంటే ఎక్కువే పడుతుంది కాబట్టి ఆ వేగం సరిపోయింది. 1993లో ఆ బొమ్మని వెబ్‌లోకి ఎక్కిస్తే ప్రపంచమంతా చూసింది. 2001 ఆగస్టులో ఆపేశాక ఆ కాఫీ పాత్రని వేలానికి పెడితే జర్మనీ పత్రిక డెర్ స్పీగెల్ వాళ్లు 3,350 పౌండ్లు పెట్టి కొనుక్కున్నారు.

వాళ్లు "వెబ్‌క్యామ్ ప్రోగ్రామ్ రాద్దాం" అని కూర్చోలేదు, కాఫీ ఉందో లేదో తెలిస్తే చాలనుకున్నారు. మీరు కూడా ఒక్క పని పట్టుకోండి. ఉదాహరణకి మన ఊళ్లలో ఆన్‌లైన్ ట్యూషన్ చెప్పే టీచర్లని చూడండి. కెమెరాని స్టాండుకి బిగించి నోట్‌బుక్ మీదకి వంచుతారు. అప్పుడు బొమ్మ తలకిందులుగా వస్తుంది, లేదా అద్దంలో చూసినట్టు అక్షరాలు తిరగబడతాయి, మధ్యలో పేజీ తిప్పుతుంటే పిల్లలకి చెయ్యి అడ్డం. వాళ్లకి కావాల్సింది మూడే మూడు: బొమ్మని తిప్పే బటన్, ఉన్న ఫ్రేమ్‌ని అలాగే నిలిపి ఉంచే బటన్, కాస్త దగ్గరగా చూపించే జూమ్. ఇవన్నీ ఓబీఎస్‌లో చేయొచ్చు, కాదనను. కానీ ఓబీఎస్ తెరిచి సీన్లు, సోర్సులు, ఫిల్టర్లు చూసిన లెక్కల మాస్టారు దాన్ని వెంటనే మూసేస్తారు. మీ చోటు అక్కడుంది.

చీజ్ సంగతి కూడా చెప్తాను, మీ సీనియర్‌కి చూపించండి. 2007లో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో ఒక విద్యార్థి చేసిన ప్రాజెక్టే అది. ఆ తర్వాత చాలా ఏళ్లు లినక్స్‌లో వాడే గ్నోమ్ డెస్క్‌టాప్‌తోపాటు అదే వచ్చింది. అప్పటికి కెమెరా ప్రోగ్రాములు లేకపోలేదు.

ప్రశ్న: 1080పీ అని రాసి ఉన్న కెమెరా కొన్నాను. కంపెనీ పెట్టె మీద సెకనుకి 30 ఫ్రేములు అని ఉంది. నా ప్రోగ్రామ్‌లో పెద్ద సైజు పెట్టగానే సెకనుకి 5 ఫ్రేములే వస్తున్నాయి. వీడియో కాల్‌లో మాత్రం అదే కెమెరా బాగా నడుస్తోంది. నా కోడ్ నెమ్మదా, కెమెరా మోసమా?
(ఐటీఐ శిక్షకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: రెండూ కాదండీ, కెమెరాని మీరు ఏ రూపంలో బొమ్మ అడుగుతున్నారో అక్కడుంది కిటుకు. ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకుంటే మళ్లీ జీవితంలో ఈ అనుమానం రాదు.

మామూలు వెబ్‌క్యామ్ రెండు రూపాల్లో బొమ్మ ఇస్తుంది. ఒకటి పచ్చి రూపం, దాన్ని వైయూవైవీ అంటారు, ఇందులో ఒక్కో చుక్కకి 2 బైట్లు. రెండోది ఎంజేపెగ్, అంటే ప్రతి ఫ్రేమ్‌ని కెమెరాలోని చిప్పే జేపెగ్ ఫొటోగా కుదించి పంపిస్తుంది. 1920ని 1080తో, దాన్ని 2తో హెచ్చిస్తే ఒక్క పచ్చి ఫ్రేమ్ సుమారు 41 లక్షల 47 వేల బైట్లు. సెకనుకి 30 కావాలంటే 12 కోట్ల 44 లక్షల బైట్లు. యూఎస్‌బీ 2.0 వేగం 480 మెగాబిట్లు, అంటే కాగితం మీదే 6 కోట్ల బైట్లు. అంతా కూడా కెమెరాకి దొరకదు. చాలా వెబ్‌క్యామ్‌లు ఐసోక్రోనస్ అనే పద్ధతిలో పంపిస్తాయి, అందులో సెకనులో 8,000వ వంతుకి ఒకసారి, గరిష్ఠంగా 3,072 బైట్లు. హెచ్చించి చూడండి, సెకనుకి 2 కోట్ల 45 లక్షలు వస్తుంది. ఆ దారిలో 41 లక్షల బైట్ల ఫ్రేములు 5 పడతాయి, ఆరోది పట్టదు. మీకు వచ్చిన 5 అదే! 720పీ పెట్టి చూడండి, చాలా కెమెరాల్లో పచ్చి రూపంలో 10 దగ్గర ఆగుతుంది, కారణం ఇదే. 640, 480 సైజులో అయితే 30 హాయిగా పడతాయి, అందుకే చిన్న సైజులో మీకు తేడా తెలియలేదు.

వీడియో కాల్ ప్రోగ్రామ్ ఎంజేపెగ్ అడుగుతోంది, మీ ప్రోగ్రామ్ ఏమీ అడగకపోతే పచ్చి రూపం వస్తోంది. ఓపెన్‌సీవీలో అయితే ముందు ఫోర్‌సీసీ (బొమ్మ రూపాన్ని చెప్పే నాలుగక్షరాల గుర్తు) ఎంజేపీజీ అని పెట్టి, ఆ తర్వాత వెడల్పు, ఎత్తు, ఫ్రేముల సంఖ్య పెట్టండి. పెట్టాక మళ్లీ చదివి చూసుకోండి, ఎందుకంటే మీరు అడిగింది లేకపోతే డ్రైవర్ కోప్పడదు, తనకి దగ్గరగా అనిపించింది ఇచ్చేసి ఊరుకుంటుంది. మీ కెమెరా ఏ సైజులో ఏ రూపంలో ఎన్ని ఫ్రేములు ఇస్తుందో మొత్తం చిట్టా కావాలంటే వీ4ఎల్-యుటిల్స్ ప్యాకేజీ వేసుకుని అందులోని వీ4ఎల్2-సీటీఎల్‌ని అడగండి. కోడ్ రాయడానికి ముందు ఆ చిట్టా చదవడం మంచి అలవాటు.

ఎంజేపెగ్‌తో వచ్చే ఇంకో లాభం, ఫొటో సేవ్ చేసేటప్పుడు దాన్ని విప్పి మళ్లీ కుదించక్కర్లేదు, కెమెరా ఇచ్చిన బైట్లనే ఫైల్లో రాసేయొచ్చు, నాణ్యత తగ్గదు. అయితే చాలా కెమెరాలు ఆ ఫ్రేముల్లో హఫ్‌మన్ టేబుల్ అనే, కుదించిన బొమ్మని విప్పడానికి కావాల్సిన భాగాన్ని ఎగ్గొడతాయి, ఎలాగూ అందరికీ తెలిసిన టేబులే కదా అని. అలాంటి ఫైల్‌ని కొన్ని ఫొటో వ్యూయర్లు "పాడైంది" అంటాయి. ఆ ప్రామాణిక టేబుల్‌ని మీరే మధ్యలో చేర్చి రాయాలి. ఇది తెలియక కెమెరాలు మార్చినవాళ్లు ఉన్నారు.

బొమ్మ కదలిక కంటే వెనకబడి వస్తోందని కూడా ఇద్దరు ముగ్గురు రాశారు, దానికీ ఇక్కడే చెప్పేస్తాను. డ్రైవర్ దగ్గర నాలుగైదు ఫ్రేములు వరసలో ఉంటాయి, మీరు అడిగినప్పుడల్లా అన్నిటికంటే పాతది ఇస్తుంది. మీ కోడ్ మధ్యలో ఏదో పెద్ద పని చేస్తూ ఆలస్యంగా వచ్చిందంటే చేతికందేది పాత బొమ్మే. ఫ్రేములు చదవడానికి వేరే థ్రెడ్ (అదే ప్రోగ్రామ్‌లో పక్కన నడిచే ఇంకో పని) పెట్టండి, అది ఆగకుండా చదువుతూ చివరిది మాత్రం దగ్గర ఉంచుకుని మిగతావి పారేయాలి.

ప్రశ్న: పగలు బాగుంటుంది, రాత్రి మా ఇంట్లో ట్యూబ్‌లైట్ వేయగానే బొమ్మ మీద అడ్డంగా చారలు పాకుతున్నాయి. వీడియో కూడా ఆగి ఆగి వస్తోంది. ఇది నా ప్రోగ్రామ్‌తో బాగుచేయగలనా?
(మెడికల్ షాపు నడుపుతాను, ఖమ్మం)

జవాబు: చేయగలరు. సరదాగా రాసే ప్రోగ్రామ్‌కి ఇంతకంటే మంచి ఫీచర్ ఉండదు కూడా, ఎందుకంటే మన దేశంలో ఇది చాలామందికి వచ్చే గొడవ.

మన కరెంటు 50 హెర్ట్జ్, అమెరికాలో 60. పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైటు, చవక ఎల్ఈడీ బల్బు కూడా, మన దగ్గర సెకనుకి 100 సార్లు వెలుగు ఎక్కువై తక్కువవుతుంది, మన కంటికి కనపడదు. వెబ్‌క్యామ్ సెన్సర్ మాత్రం బొమ్మని ఒకేసారి తీయదు, పై వరస నుంచి కిందికి ఒక్కో వరసా చదువుకుంటూ వస్తుంది. ఒక్కో వరస వెలుగు పట్టే సమయం సెకనులో నూరో వంతుకో దాని గుణిజాలకో సరిపోతే అన్ని వరసలకీ సమానంగా వెలుగు అందుతుంది, చారలుండవు. కెమెరా 60 దేశం అనుకుని సెకనులో 120వ వంతు పెట్టుకుందంటే కొన్ని వరసలకి ఎక్కువ, కొన్నిటికి తక్కువ పడి చారలొస్తాయి. చాలా కెమెరాల్లో "పవర్ లైన్ ఫ్రీక్వెన్సీ" అనే సెట్టింగ్ ఉంటుంది, 50, 60, లేదా అసలు వద్దు అని. మీ ప్రోగ్రామ్ మొదలవగానే దాన్ని 50కి మార్చేయండి, అంతే. లినక్స్ కెమెరా వ్యవస్థ అయిన వీ4ఎల్2లో ఇది ప్రామాణిక కంట్రోల్, కెమెరా మారినా పేరు మారదు. అమెరికాలో ఉండే మనవాళ్లు కూడా మీ ప్రోగ్రామ్ వాడొచ్చు కాబట్టి సెట్టింగ్స్‌లో రెండూ పెట్టండి.

ఆగి ఆగి రావడం వేరే కారణం. వెలుగు చాలకపోతే కెమెరా ఒక్కో ఫ్రేమ్‌కి ఎక్కువసేపు వెలుగు పట్టుకుంటుంది, దానికోసం 30 ఫ్రేముల్ని 15కి, ఇంకా తక్కువకి దించేస్తుంది. అలా దించడానికి వీల్లేదని చెప్పే కంట్రోల్ కూడా ఉంటుంది, ఆటో ఎక్స్‌పోజర్ పక్కనే ఎక్స్‌పోజర్ డైనమిక్ ఫ్రేమ్‌రేట్ అని వెతకండి, పాత లినక్స్ కెర్నెళ్లలో దాని పేరు ఆటో ప్రయారిటీ అని ఉండేది. ఆపితే వీడియో సాఫీగా వస్తుంది గానీ బొమ్మ చీకటిగా, గరగరలాడుతూ ఉంటుంది. ఏది కావాలో వాడేవాళ్లని తేల్చుకోనివ్వండి. ఎదురుగా ఇంకో లైటు వేసుకోమని ఎవరూ చెప్పరు గానీ, అదే అన్నిటికంటే మంచి పరిష్కారం.

ప్రశ్న: నా ప్రోగ్రామ్‌లో అందరి ముఖాలూ నీలంగా వస్తున్నాయి. ఫొటో మీద తెలుగులో తేదీ రాద్దామంటే అన్నీ ప్రశ్నార్థకాలే.
(డిగ్రీ విద్యార్థిని, తిరుపతి)

జవాబు: మొదటిది ఒక్క లైను పని. ఓపెన్‌సీవీ రంగుల్ని నీలం, ఆకుపచ్చ, ఎరుపు వరసలో పెట్టుకుంటుంది, మిగతా లైబ్రరీలు చాలావరకు ఎరుపు నుంచి మొదలుపెడతాయి. తెర మీద చూపించేముందు వరస మార్చండి.

రెండోదానికి కాస్త ఓపిక కావాలి అమ్మా. ఓపెన్‌సీవీ 4లో అక్షరాలు రాసే పుట్‌టెక్స్ట్ ఫంక్షన్ దగ్గర ఉన్నవి హెర్షీ ఫాంట్లు, గీతలతో గీసిన పాత ఇంగ్లిష్ అక్షరాలు, తెలుగు వాటికి తెలియదు. పిల్లో లైబ్రరీతో రాయండి, కానీ అందులో రాక్మ్ అనే భాగం పనిచేస్తోందో లేదో చూసుకోండి. అది లేకపోతే ఒత్తులు కిందికి దిగకుండా పక్కపక్కన నిలబడి "ఫిబ్రవరి" చదవడానికి భయం వేసేలా ఉంటుంది. ఫాంట్ కూడా మీ ప్రోగ్రామ్‌తోపాటే ఇవ్వండి, వాడేవాళ్ల దగ్గర ఉంటుందని నమ్మకం లేదు. నోటో సాన్స్ తెలుగు ఉంది, సిలికానాంధ్ర వాళ్లు ఇచ్చిన రామభద్ర, మల్లన్న, గిడుగు లాంటివి ఉన్నాయి, ఇవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి కాబట్టి కలిపి పంచుకోవడానికి అడ్డు లేదు, లైసెన్స్ ఫైల్ కూడా పక్కన పెడితే చాలు.

ప్రశ్న: రెండు నెలలుగా నా ప్రోగ్రామ్‌ని కొంతమంది వాడుతున్నారు. సంతోషమే గానీ వచ్చే మెసేజ్‌లన్నీ "పనిచేయట్లేదు బ్రో" అని ఒకే ముక్క. నా ల్యాప్‌టాప్‌లో అంతా బాగానే ఉంది. వాళ్లని ఏమడగాలి?
(ప్రైవేటు ఉద్యోగి, కర్నూలు)

జవాబు: వాళ్లని అడిగితే విసుక్కుంటారు, మీ ప్రోగ్రామ్‌నే అడగండి. "వివరాలు కాపీ చేయి" అని ఒక బటన్ పెట్టి, అది నొక్కగానే కెర్నెల్ వెర్షన్, కెమెరా పేరు, దాని యూఎస్‌బీ ఐడీ, అది ఇచ్చే రూపాల చిట్టా, చివరగా వచ్చిన ఎర్రర్ నంబరు అన్నీ ఒక ముద్దగా క్లిప్‌బోర్డులోకి వచ్చేలా చేయండి. వాళ్లు దాన్ని పేస్ట్ చేసి పంపిస్తారు. ముఖం ఫొటో మాత్రం అందులోకి రానివ్వకండి, ఇంటి పేర్లున్న ఫోల్డర్ దారులు కూడా తీసేయండి.

ఆ నంబర్లు చాలావరకు కథ చెప్పేస్తాయి. 16 వస్తే వేరే ప్రోగ్రామ్ కెమెరాని పట్టుకుని ఉంది, ఎక్కడో బ్రౌజర్ ట్యాబ్‌లో మీటింగ్ తెరిచి మర్చిపోయి ఉంటారు. 13 అంటే అనుమతి లేదు, యూజర్‌ని వీడియో గ్రూపులో చేర్చాలి. 28 వస్తే సరదాగా ఉంటుంది, దాని సందేశం "డివైస్‌లో చోటు లేదు" అని వస్తుంది, పాపం వాడేవాళ్లు హార్డ్ డిస్క్‌లో సినిమాలు తీసేస్తూ కూర్చుంటారు. అక్కడ లేనిది డిస్క్‌లో చోటు కాదు, యూఎస్‌బీ దారిలో. ఒకే హబ్‌కి రెండు కెమెరాలు తగిలిస్తే ఇలా అవుతుంది, ఒకదాన్ని వేరే పోర్టుకి మార్చమనండి. ఇలాంటివి మీ ప్రోగ్రామే తెలుగులో, మామూలు మాటల్లో చెప్పేస్తే సగం మెసేజ్‌లు రావు.

వీడియో0, వీడియో1 అని రెండు కనిపిస్తున్నాయి, రెండోది తెరిస్తే ఏమీ రావట్లేదు అంటారు కొందరు. రెండోది చాలాసార్లు మెటాడేటా (బొమ్మ గురించిన వివరాలు) కోసం పెట్టింది, బొమ్మలివ్వదు. ప్రతిదాన్నీ నీవల్ల ఏమవుతుందని అడిగి, బొమ్మ ఇస్తానన్నవాటినే జాబితాలో చూపించండి.

ఇక అసలు కెమెరానే కనపడని కొత్త ల్యాప్‌టాప్‌లు కొన్ని ఉన్నాయి. 2008లో కెర్నెల్ 2.6.26లోకి యూఎస్‌బీ కెమెరాలకి ఉమ్మడిగా పనికొచ్చే యూవీసీ డ్రైవర్ వచ్చినప్పటి నుంచి లినక్స్‌లో కెమెరా గుచ్చితే చాలు అనే రోజులు నడిచాయి, అంతకుముందు ఒక్కో చిప్‌కి ఒక్కో డ్రైవర్ వెతుక్కోవాల్సి వచ్చేది. ఇప్పుడు కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో కెమెరా యూఎస్‌బీ మీద లేదు, సెన్సర్ నుంచి పచ్చి బొమ్మ నేరుగా ప్రాసెసర్‌లోని ఐపీయూ6 అనే భాగానికి వెళ్తుంది, దాన్ని మామూలు బొమ్మగా మార్చడానికి లిబ్‌కెమెరా లాంటి లైబ్రరీ మధ్యలో కావాలి. మీ చిన్న ప్రోగ్రామ్‌తో దాన్ని సాధించాలని చూడకండి. "ఈ రకం కెమెరా మా దాంట్లో రాదు" అని మొదటి పేజీలోనే రాసేయండి, మొహమాటం అక్కర్లేదు.

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రాత్రిళ్లు ఇంట్లో రాసిన కోడ్‌ని ఓపెన్ సోర్స్ చేయాలనుంది. లైసెన్స్ పెట్టకపోయినా ఫర్వాలేదా? కంపెనీ వాళ్లు ఏమైనా అంటారా?
(పేరు వద్దన్నారు)

జవాబు: లైసెన్స్ పెట్టకుండా కోడ్ బయట పెడితే అందరూ చూడగలరు, ఎవరికీ వాడే హక్కు ఉండదు. హక్కులన్నీ మీవే అని చట్టం అనుకుంటుంది. చిన్న ప్రోగ్రామ్‌కి రెండు దారులు చాలు: ఎవరైనా ఏమైనా చేసుకోండి, నా పేరు ఉంచండి అంటే ఎంఐటీ, మార్చి పంచేవాళ్లు వాళ్ల కోడ్ కూడా ఇవ్వాలి అంటే జీపీఎల్. మీరు కలుపుకున్న లైబ్రరీలు కూడా చూసుకోండి. ఓపెన్‌సీవీ 4.5 నుంచి అపాచీ 2 లైసెన్స్ కింద ఉంది, గొడవ లేదు. వీడియో పనులు చేసే ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌ని, వీడియో కుదించే ఎక్స్264తో కలిపి కట్టి ఇస్తే ఆ ప్యాకేజీ మొత్తానికి జీపీఎల్ వర్తిస్తుంది.

రెండో ప్రశ్న అసలైనది, దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మన కాపీరైట్ చట్టం 1957లో 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమాని. రాత్రి ఇంట్లో, సొంత ల్యాప్‌టాప్‌లో, ఉద్యోగంతో సంబంధం లేని వెబ్‌క్యామ్ ప్రోగ్రామ్ అందులోకి రాదనే మీరు అనుకుంటారు. కానీ చేరేటప్పుడు సంతకం పెట్టిన కాగితాల్లో "ఉద్యోగ కాలంలో చేసినదంతా కంపెనీదే" అనే అర్థంతో ఒక వాక్యం ఉండొచ్చు. ఆ కాగితం బయటికి తీసి చదవండి. ఉంటే మేనేజర్‌తో మాటల్లో కాకుండా హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. కంపెనీ ల్యాప్‌టాప్ మాత్రం ముట్టుకోవద్దు, ఒక్క లైను కోసం కూడా.

ప్రశ్న: నా ప్రోగ్రామ్ వాడే ఒకాయన, కెమెరా లైటు వెలగకుండా, తెర మీద ప్రోగ్రామ్ కిటికీ (విండో) కనపడకుండా రికార్డు చేసే ఆప్షన్ పెట్టమని అడుగుతున్నారు. ఇంట్లో దొంగతనాలు పట్టుకోవడానికట. డబ్బు కూడా ఇస్తానంటున్నారు. పెట్టనా?
(విద్యార్థి, వరంగల్)

జవాబు: పెట్టకండి. దొంగని పట్టుకోవడానికి లైటు వెలిగినా నష్టమేం లేదు, దాన్ని ఆర్పమన్నారంటే చూడకూడనిది ఎవరో ఇంట్లోవాళ్లే.

దొంగతనం అనే సాకు కొత్తది కూడా కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో లోయర్ మెరియన్ అనే చోట స్కూళ్లు పిల్లలకి ల్యాప్‌టాప్‌లు ఇచ్చి, పోయినవాటిని కనిపెట్టడానికని వాటి కెమెరాతో దూరం నుంచి ఫొటోలు తీసే సాఫ్ట్‌వేర్ పెట్టాయి. పిల్లలు ఇళ్లలో ఉన్నప్పుడు కూడా ఫొటోలు తీసింది. 2010లో కేసు పడింది, అదే ఏడాది 6 లక్షల 10 వేల డాలర్లకి రాజీ అయ్యారు. అక్కడ కొందరు పిల్లలకి ముందే అనుమానం వచ్చింది, కెమెరా పక్కన పచ్చ లైటు ఉన్నట్టుండి మిణుక్కుమనడం చూసి. ఆ లైటే లేకపోతే? 2013లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ పరిశోధకులు 2008కి ముందు మ్యాక్‌బుక్‌లలో కెమెరా లోపలి ఫర్మ్‌వేర్ మార్చి, లైటు వెలగకుండానే బొమ్మలు తీయొచ్చని చేసి చూపించారు. అంటే ఇది ఊహ కాదు, చేయగలిగే పనే, అందుకే మనం చేయకూడదు. మన దగ్గర ఐటీ చట్టంలోని 66ఈ సెక్షన్ కింద ఒకరి శరీర గోప్యతకి భంగం కలిగేలా అనుమతి లేకుండా బొమ్మ తీస్తే మూడేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ ఉన్నాయి.

మీ ప్రోగ్రామ్‌లో ఇంకో అడుగు ముందుకేయండి. రికార్డు అవుతున్నప్పుడు తెర మీద ఎర్ర గుర్తు తప్పకుండా ఉండాలి, దాన్ని దాచే సెట్టింగ్ ఉండకూడదు. కిటికీ మూసేస్తే కెమెరాని కూడా వదిలేయాలి, వెనకాల నడవకూడదు. కోడ్ అందరికీ ఇచ్చారు కాబట్టి ఆయన తానే మార్చుకోవచ్చు, దాన్ని మీరు ఆపలేరు, కానీ మీ చేత్తో ఇవ్వనక్కర్లేదు.

ప్రశ్న: మూడేళ్ల క్రితం సరదాగా మొదలుపెట్టాను. ఇప్పుడు పెళ్లయింది, పాప పుట్టింది, టైమ్ లేదు. వాడేవాళ్లు అప్‌డేట్ ఎప్పుడని తిడుతున్నారు. ఈమధ్య ఎవరో ముఖం తెలియని మనిషి బాగా సాయం చేస్తూ, మొత్తం నాకు అప్పగించేయండి అంటున్నాడు. ఇచ్చేస్తే టెన్షన్ వదులుతుందా?
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, పుణే)

జవాబు: తిట్టేవాళ్లకి మీరు బాకీ లేరు. జీతం లేని పనికి గడువు అడిగే హక్కు ఎవరికీ లేదు, ఆ మాట మీ లైసెన్స్‌లోనే ఉంది, ఎలాంటి హామీ లేదని. మొదటి పేజీలో "ఇక కొత్త ఫీచర్లు రావు, ప్రమాదకరమైన లోపాలుంటే వీలున్నప్పుడు చూస్తాను" అని రాసి, ప్రాజెక్టుని ఆర్కైవ్‌లో పెట్టేయండి. కోడ్ అక్కడే ఉంటుంది, కావాల్సినవాళ్లు కాపీ తీసుకుని వేరే పేరుతో నడుపుకుంటారు.

అప్పగించే విషయంలో మాత్రం తొందర వద్దు. 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ వ్యవహారం గుర్తుందా? ప్రపంచంలోని లినక్స్ సర్వర్లలో దాదాపు అన్నిట్లో ఉండే ఫైళ్లు కుదించే చిన్న లైబ్రరీ అది. అలసిపోయిన ఒక్క మనిషి ఖాళీ సమయంలో నడుపుతుంటే, ఇంకో వ్యక్తి రెండేళ్లకి పైగా ఓపిగ్గా సాయం చేసి, పక్క నుంచి వేరేవాళ్ల పేర్లతో "అప్‌డేట్లు ఎందుకు రావట్లేదు" అని ఒత్తిడి పెరిగి, చివరికి చేతికొచ్చిన అధికారంతో దొంగ తలుపు పెట్టాడు. సర్వర్‌లోకి లాగిన్ అవ్వడానికి అర సెకను ఎక్కువ పడుతోందేంటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఆరా తీయబట్టి దొరికింది. మీది అంత పెద్దది కాకపోవచ్చు, కానీ ఇది కెమెరా తెరిచే ప్రోగ్రామ్, ఆ పేరు నమ్మి అప్‌డేట్ నొక్కేవాళ్లున్నారు. ఆ సాయం చేసేవాడు నిజంగా మంచివాడే అయ్యుండొచ్చు. అయితే కొత్త పేరుతో తన కాపీ మొదలుపెట్టమనండి, మీ పేజీలో ఆ లింకు ఇవ్వండి. పాత పేరు, పాత పాస్‌వర్డ్‌లు మీ దగ్గరే ఉండనివ్వండి.

ప్రశ్న: విండోస్‌కి, మ్యాక్‌కి కూడా ఇవ్వమని అడుగుతున్నారు. తప్పదా?
(బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం)

జవాబు: మీ దగ్గర ఆ మిషన్ ఉండి, మీరు రోజూ వాడుతుంటే ఇవ్వండి, లేకపోతే వద్దు. విండోస్‌లో కెమెరా దారి వేరు, మీడియా ఫౌండేషన్ అని. డిజిటల్ సంతకం లేని ఫైల్ ఇస్తే విండోస్‌లో కాపలా కాసే స్మార్ట్‌స్క్రీన్ నీలం పెట్టె వేసి భయపెడుతుంది, అప్పుడు వైరస్సా అని మీకే మెసేజ్ చేస్తారు. మ్యాక్‌లో అలాంటి హెచ్చరిక లేకుండా ఇవ్వాలంటే ఆపిల్ డెవలపర్ ప్రోగ్రామ్‌కి ఏడాదికి 99 డాలర్లు కట్టాలి, సరదాకి అంత ఖర్చు అవసరమా అన్నది మీ ఇష్టం. విండోస్ వాడే స్నేహితుడెవరైనా కూర్చుని కట్టిపెడతానంటే ఆ భాగం ఆయన పేరుతోనే పెట్టండి, దాని మీద వచ్చే మెసేజ్‌లు కూడా ఆయనకే వెళ్లేలా.